గడ్డ తీశాక కూడా పేరు చెప్పలేరా?

ప్రశ్న: మా అక్కకు చెవి కింద లాలాజల గ్రంథిలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు. బయాప్సీ రిపోర్టులో 'ఎసినిక్ సెల్ కార్సినోమా కావచ్చు, సెక్రిటరీ కార్సినోమా కావచ్చు, ఇమ్యునో స్టెయిన్లు చేయించండి' అని రాశారు. మళ్లీ కోస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మళ్లీ కోయరండీ. తీసిన గడ్డ ముక్కలు మైనపు దిమ్మెల్లో భద్రంగా ఉంటాయి. వాటినే బ్లాకులంటాం. అందులోంచి మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొర తీసి ఇమ్యునో స్టెయిన్ చేస్తారు. అంటే కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో రంగు పట్టించి చూడటం. ఇంకోమాట, ఈ రెండు క్యాన్సర్లూ చాలావరకు నిదానంగా పెరిగేవే.

గడ్డ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసిన ఆ పెథాలజిస్టు తొందరపడకుండా మంచిపని చేశారు. మామూలు గులాబీ, ఊదా రంగుల స్లైడులో ఈ రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. సెక్రిటరీ కార్సినోమాను లాలాజల గ్రంథుల్లో వేరే జబ్బుగా గుర్తించిందే 2010లో. అంతకుముందు ఇలాంటి వాటిలో చాలావాటిని ఎసినిక్ అనే రాసేవాళ్లం, నేనూ రాశాను. తర్వాత నా పాత బ్లాకులు తీయించి స్టెయిన్ చేయిస్తే, ఒకదాంట్లో ఎస్-100, మామాగ్లోబిన్ అనే ప్రోటీన్ల స్టెయిన్లు రెండూ ముదురు గోధుమ రంగులో నిండుగా పట్టాయి. డాగ్-1 అనే ఇంకో ప్రోటీన్ స్టెయిన్ అసలు పట్టలేదు. అంటే అది సెక్రిటరీయే. నా చేత్తో 'ఎసినిక్' అని సంతకం పెట్టిన కేసు అది. ఆరోజు అన్నం సహించలేదు.

అసలైన ఎసినిక్‌లో డాగ్-1 కణాల మధ్య సన్నటి నాళాల అంచుల వెంట పెన్సిల్‌తో గీసినట్టు కనిపిస్తుంది. ఎన్‌ఆర్4ఎ3 అనే మరో స్టెయిన్ వేస్తే కేంద్రకాలు గోధుమ రంగుకు తిరుగుతాయి. పాతకాలపు పాస్-డయాస్టేస్ స్టెయిన్ అంటే నాకిప్పటికీ ఇష్టం. ఎసినిక్ కణాల్లో ఎర్రటి రవ్వలు చల్లినట్టుంటుంది. అయితే ఏ ఒక్క స్టెయిన్‌నూ నమ్మి పేరు పెట్టకూడదు. ఎస్-100 వేరే లాలాజల గ్రంథి గడ్డల్లోనూ పడుతుంది.

పేరు తేల్చుకోవడం ఎందుకంటారా? సెక్రిటరీ కార్సినోమాల్లో ఎక్కువ వాటిలో ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 అనే రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయి. జబ్బు ఎప్పుడైనా పాకితే, ఆ అతుకు మీదే పనిచేసే లారోట్రెక్టినిబ్ లాంటి మందులున్నాయి. అమెరికాలో దానికి 2018లో అనుమతి వచ్చింది. ఎసినిక్ అని రాసి వదిలేస్తే ఆ మందు సంగతి ఎవరికీ తట్టకపోవచ్చు.

వేరే ల్యాబుకు వెళ్లాల్సి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. బ్లాకులు, స్లైడులు రెండూ అడిగి తీసుకోండి.