కార్పొరేటర్‌గా గెలిస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది మధురవాడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 28,000. మా వారు పరవాడలో ఫార్మా కంపెనీలో సూపర్‌వైజరు, చేతికి 46,000 వస్తుంది. ఇంటి ఖర్చు, హోమ్ లోన్ ఈఎంఐ కలిపి నెలకు 56,000 అవుతోంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. తన ఇంజినీరింగ్ కోసం 8 లక్షలు ఎఫ్‌డీ వేశాం. మా వార్డు మహిళలకు రిజర్వ్ అవుతుందని, జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) నన్ను నిలబెడతామని మా వారి పార్టీవాళ్లు అంటున్నారు. ఉద్యోగం మానేసి, ఎఫ్‌డీ తీసి ఖర్చు పెట్టుకోమంటున్నారు. గెలిస్తే వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుందా?

జవాబు: గడవదండి. కార్పొరేటర్‌కి ఇచ్చేది నెలకు కొన్ని వేల గౌరవ వేతనం. దాన్ని జీతం లెక్కలో వేసుకుంటే మొదటి నెలలోనే ఇబ్బంది పడతారు.

మీరిచ్చిన అంకెలే చూద్దాం. ఇప్పుడు నెలకు 18,000 మిగులుతోంది. మీరు ఉద్యోగం మానేస్తే ఆ మిగులు పోయి 10,000 లోటు మొదలవుతుంది. ఐదేళ్లలో మీరు వదులుకునే జీతం, ఒక్క ఇంక్రిమెంటు కూడా కలపకుండానే, 16 లక్షల 80 వేలు. ఎఫ్‌డీ కదపకుండా ఉంచితే ఏడు శాతం వడ్డీతో ఐదేళ్లకు సుమారు 11 లక్షలవుతుంది. రెండూ కలిపితే 28 లక్షలు. మీరు పందెం కాస్తున్నది ఇంత మొత్తం, ఇది గెలిచినప్పటి లెక్క. ఓడిపోతే ఉద్యోగమూ లేదు, ఎఫ్‌డీ కూడా ఉండదు.

గెలిచాక కొత్త ఖర్చులు తగులుకుంటాయి. వార్డులో పెళ్లికి పిలిస్తే కవరు పెట్టాలి. వినాయక చవితి పందిళ్లవాళ్లు వీధికొకరు చొప్పున చందా పుస్తకం పట్టుకొని వస్తారు. అమ్మవారి పండగకి మీ పేరుతో ఫ్లెక్సీ లేకపోతే నిష్ఠూరం. పొద్దున్నే కుళాయి రాలేదని వచ్చినవాళ్లకి టీ ఇవ్వకుండా పంపలేరు. నెలకు పది పన్నెండు వేలు ఇలాగే కరిగిపోతాయనుకోండి, గౌరవ వేతనం వచ్చినా రాకపోయినా ఒకటే.

మరి అందరూ ఎలా నెట్టుకొస్తున్నారు? కొందరికి వ్యాపారాలుంటాయి, కొందరికి అద్దెలొస్తాయి. ఇంకొందరు ఇంటి ప్లాన్ల అనుమతి దగ్గర, స్లాబు వేసేవాళ్ల దగ్గర రాబట్టుకుంటారని జనం అనుకునే మాటలు మీరూ వినే ఉంటారు. ఇరవై లక్షలు పెట్టి గెలిచిన మనిషిని కొన్ని వేలతో సర్దుకోమంటే ఆ లోటు ఎవరో ఒకరి దగ్గర వసూలవుతుంది. ప్రజాప్రతినిధులకు జీతం ఎందుకు, దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించనిది ఇక్కడే.

ఎంపీల సంగతి చూడండి. 2018లో నెల జీతం లక్ష చేశారు, ఐదేళ్లకోసారి ధరలను బట్టి పెరిగే ఏర్పాటు కూడా చేసుకున్నారు. ఆ ప్రకారం 2023 ఏప్రిల్ నుంచి 1,24,000 అయింది. భత్యాలు, పింఛను వేరే. ఎంపీల జీతం పార్లమెంటు, ఎమ్మెల్యేల జీతం అసెంబ్లీ నిర్ణయించుకుంటాయి. కార్పొరేటర్‌కి ఎంతివ్వాలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి, పింఛను ఊసే లేదు. మీ వార్డు సచివాలయంలో కూర్చునే కార్యదర్శికి పే స్కేలు ఉంది. అదే వార్డుకి గెలిచిన మనిషికి కనీసం ఆ మేరకైనా జీతం ఇవ్వాలని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1911 దాకా ఎంపీలకు జీతమే లేదు. ఆస్తిపాస్తులున్నవాళ్లకీ, యూనియన్లు పోషించినవాళ్లకీ తప్ప కూలివాడికి ఆ సభలో కూర్చునే వీలు దాదాపు లేదు. మహిళలకు సగం సీట్లు రిజర్వ్ చేసి, ఉద్యోగం చేసుకునే ఆడవాళ్లు నిలబడలేని జీతం పెడితే, పేరు ఆవిడది, పెత్తనం ఇంకొకరిది అవుతుంది.

మీకు పోటీ చేయాలని మనసులో ఉంటే వద్దనను. ఉద్యోగం మానొద్దు, అంతే. ప్రచారం రోజులకి జీతం లేని సెలవు అడగండి. గెలిస్తే కౌన్సిల్ సమావేశాల రోజుల్లో వెసులుబాటు ఇస్తారేమో, లేదా మధ్యాహ్నం దాకా మాత్రమే పనిచేసే వీలుందేమో ఇప్పుడే కరస్పాండెంట్‌తో మాట్లాడండి. సగం జీతం వచ్చినా నెలకు 10,000 లోటు పూడి 4,000 మిగులుతుంది.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. పాపకి ఫీజు కట్టాల్సిన రోజులూ, మీరు ఓట్లడిగే రోజులూ దాదాపు ఒకేసారి రావచ్చు. మీ వైపు నుంచి లక్షన్నరకు మించి పెట్టలేమని పార్టీవాళ్లకి ముందే చెప్పండి, అదీ ఇంటి మిగులులోంచే. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లు చూస్తున్నది మీ పేరుని కాదు, మీ ఎఫ్‌డీని. బంగారం తాకట్టు పెట్టొద్దు. తెలిసినవాళ్లు చేబదులిస్తామంటే నగదు తీసుకోవద్దు: 20,000 లేదా అంతకు మించిన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నంతా జరిమానా పడొచ్చు.

గౌరవ వేతనం రిటర్నులో జీతం కింద కాకుండా ఇతర ఆదాయం కింద చూపాలి. మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు. నామినేషన్‌కి ముందు ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టేసి రసీదులు తీసి పెట్టుకోండి. స్కూలు తరఫున గ్రూప్ ఆరోగ్య బీమా ఉంటే సెలవులో అది కొనసాగుతుందో లేదో కూడా కరస్పాండెంట్‌నే అడగండి.