ఉదయగిరి ఒక కొండ కోటే కదా, విజయనగర రాజులు దాని కోసం అంత పట్టు ఎందుకు పట్టారు?

కోట ఒక్కటే చూస్తే జవాబు సగమే దొరుకుతుంది. ఉదయగిరి ఒక 'రాజ్యం', అంటే విజయనగరంలో ఒక పెద్ద రాష్ట్రం. సామ్రాజ్యానికి తూర్పు అంచు. అందుకే అక్కడికి రాజకుటుంబంలోని వాళ్ళనే పంపేవాళ్ళు. మొదట విజయనగర తొలి రాజు హరిహరుడి తమ్ముడు కంపన, తర్వాత కంపన కొడుకు రెండో సంగముడు. వేదభాష్యం రాసిన సాయణుడు ఈ తండ్రీకొడుకుల దగ్గర మంత్రిగా చేశాడు. మా నెల్లూరు జిల్లాలోనే ఈ సంగతి చాలామందికి తెలియదు! మొదటి దేవరాయలు కూడా సింహాసనం ఎక్కకముందు ఇక్కడ పాలించినవాడే.

నేను ఆ కొండ ఎక్కాను. ఎత్తు సుమారు 3,000 అడుగులు. పడమర వెలిగొండలు, తూర్పున సముద్రం వైపు సాగే మైదానం. కోస్తా దారిలో దక్షిణానికి, తిరుపతి, కంచి వైపు దిగే సైన్యం ఈ కోటను వెనక వదిలేసి ముందుకు పోవడం కుదరదని పైనుంచి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

15వ శతాబ్దంలో ఒడిశా గజపతులు దీన్ని పట్టుకున్నారు. విజయనగర రాజు సాళువ నరసింహుడు చనిపోతూ రాచూరు (రాయచూరు), ఉదయగిరి, కొండవీడు మాత్రం తిరిగి గెలవాలని చెప్పాడట. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన మాట ఇది, అప్పటికి వాడుకలో ఉన్న కథే అయ్యుండొచ్చు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే కోట లొంగడానికి ఏడాదిన్నర పట్టింది. బండలు పగలగొట్టి సైన్యానికి దారులు వేయించాడని కూడా నూనిజ్ రాశాడు. ఎక్కేటప్పుడు ఆ రాళ్ళు చూస్తే అది అతిశయోక్తి అనిపించదు. గజపతి బంధువు తిరుమల రౌతరాయుడు బందీగా చిక్కాడు. కోటలోని బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్ళి, 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు.

అదే ఏడు కొండవీడు కూడా పడింది. ఆ తర్వాత గజపతులతో జరిగిన సంధిలో కృష్ణానది సరిహద్దయింది. అంతటితో ఉదయగిరి అంచు కాకుండా లోపలి రాష్ట్రమైపోయింది. అక్కడి పాలన రాయసం కొండమరుసుకు దక్కింది, అంటే ఈసారి యువరాజు కాదు, ఒక మంత్రి.

వెళ్ళేవాళ్ళు వేసవిలో మాత్రం వద్దు. నీళ్ళు కింద నుంచే మోసుకెళ్ళండి.