పెద్ద ట్యాంక్‌కి మారే ముందు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ ఉప్పునీళ్ళ ఆక్వేరియంలో హామర్ కోరల్ (సుత్తి ఆకారపు కొసలుండే పగడపు జీవి) బాగా పెరిగింది. ఇంకో నెల ఆగితే పక్కనున్న దాన్ని కుట్టి చంపేసేలా ఉంది. 120 లీటర్ల ట్యాంక్ నీకు చాలట్లేదంటే నమ్ముతాను. కానీ 450 లీటర్లది ఇంటికి వచ్చేసిందనీ, ఈ ఆదివారం అన్నీ మార్చేస్తాననీ రాశావే, అది మాత్రం వద్దు. వారాలు పట్టే పని ఇది. చోటుంటే కొత్తదాన్ని పాతదాని పక్కనే పెట్టి, రెండూ కొన్నాళ్ళు కలిసి నడవనీ.

నేనూ మొదటిసారి ఒక్కరోజులోనే ముగించాలనుకున్నాను. రాళ్ళు, చేపలు సవ్యంగానే మారాయి. అడుగున నాలుగేళ్ళ ఇసుక ఉంది. పారేయడానికి మనసొప్పక చేటతో ఎత్తి కొత్త ట్యాంక్‌లో పోశాను. పోస్తుంటే నల్లటి చారలు కనబడ్డాయి, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అని నాకు తెలుసు, తెలిసీ పోశాను. సాయంత్రానికి అమ్మోనియా ఎక్కింది, తెల్లారేసరికి రెండు చేపలు పోయాయి. ఇసుక కదలకుండా ఉన్నంతకాలం అందులో పేరుకున్న చెత్త ఎవరి జోలికీ రాదు, కెలికితేనే ప్రమాదం. అందుకే కొత్త ట్యాంక్‌కి కొత్త ఇసుకే వెయ్యి. పాతది కావాలంటే పైపైన పిడికెడు తీసుకో, చాలు.

పాత నీళ్ళన్నీ పట్టుకెళ్తే బ్యాక్టీరియా కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. నీళ్ళలో ఉండేది కొంచెమే. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళకీ ఇసుకకీ అతుక్కుని బతుకుతుంది. కాబట్టి కొత్త ట్యాంక్‌లో ఎండు రాళ్ళు పేర్చి, పాత ట్యాంక్ నుంచి రెండు మూడు మంచి రాళ్ళు తెచ్చి వాటి మధ్య పెట్టు. అమ్మోనియా కొద్దిగా అందించి, అదీ నైట్రైటూ సున్నాకి దిగి అక్కడే నిలబడేదాకా ఆగు. ఆ తర్వాత గోధుమరంగు పొర ఒకటి అద్దాల మీదా ఇసుక మీదా పరుచుకుంటుంది, డయాటమ్స్ అంటారు. చూడ్డానికి ఏడుపొస్తుంది గానీ టెన్షన్ పడకు, మామూలుగా కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. దాన్ని చంపడానికి సీసాల్లో అమ్మే మందులేవీ పొయ్యకు.

ఇవన్నీ నీళ్ళు నింపాక జరిగేవి. నింపే ముందు బరువు సంగతి చూడు. 450 లీటర్ల ఉప్పునీళ్ళే 460 కిలోల పైన ఉంటాయి. అద్దం, స్టాండ్, రాళ్ళు, సంప్ (కింద పెట్టే రెండో తొట్టి) కలిపితే ఇంకా ఎక్కువ. పై అంతస్తులో పెడుతుంటే నేల అంత బరువు మోస్తుందో లేదో ఇంజనీరుని అడుగు, నన్నడక్కు. స్టాండ్ సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడు. ట్యాంక్‌కీ గోడకీ మధ్య నీ చెయ్యి దూరేంత ఖాళీ వదులు, పైపు వెనకే కారుతుంది ఎప్పుడూ. ముందు మామూలు నీళ్ళు పోసి రెండు రోజులు అలాగే ఉంచు. అప్పుడే సంప్ నుంచి నీళ్ళు పైకి పంపే రిటర్న్ పంప్ ఆపి చూడు. పైనుంచి వెనక్కి దిగే నీళ్ళన్నీ సంప్‌లో పట్టాలి. పట్టకపోతే సంప్‌లో మామూలుగా ఉంచే నీటి మట్టం తగ్గించి, అక్కడో గీత గియ్యి. కరెంటు పోయేది నువ్వు నిద్రపోయాకే. వైర్లు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి, అప్పుడు జారే నీటిచుక్క సాకెట్‌లోకి వెళ్ళదు. కరెంట్ లీకైతే వెంటనే పడిపోయే బ్రేకర్ లేకుండా ఉప్పునీళ్ళ పక్కన ఏదీ ఆన్ చెయ్యకు.

ఉప్పు లీటరుకి దాదాపు 35 గ్రాములు, అంటే నీకు 16 కిలోల వరకూ కావాలి. ఆర్‌వో, డీఐ అనే రెండు శుద్ధి ఫిల్టర్లూ దాటి వచ్చిన, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన పదార్థాల మోతాదు) సున్నా చూపించే నీళ్ళలోనే కలుపు. నీళ్ళలో ఉప్పెంతో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచేసుకో. ఉత్త నీళ్ళతో సరిచేస్తే ఉప్పు దగ్గర తేడా కొట్టొచ్చు. ఉప్పు, వేడి రెండు ట్యాంకుల్లోనూ ఒకటే ఉండాలని నీకు చెప్పక్కర్లేదు. అందరూ మర్చిపోయేది ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి. దాన్ని డీకేహెచ్‌లో కొలుస్తారు. కొన్ని రకాల ఉప్పు కలపగానే 11, 12 డీకేహెచ్ చూపిస్తుంది. నీ కోరల్స్ 8కి అలవాటు పడినవైతే ఒక్కసారిగా అంత తేడాకి వాటి కొసలు కాలిపోతాయి.

ఇంకో లెక్క అందరూ తప్పుతారు. ట్యాంక్ దాదాపు నాలుగింతలైంది కదా అని కాల్షియం, ఆల్కలినిటీ డోసు నాలుగింతలు చెయ్యకు. వాటిని వాడుకునేది కోరల్స్, నీళ్ళు కాదు. అవే కోరల్స్ ఉన్నంతకాలం వాటి అవసరం ముందున్నంతే. రోజూ కొలిచి, ఎంత తగ్గిందో అంతే కలుపు.

లైట్ల విషయంలో మాత్రం నీ మీద నాకు నమ్మకం లేదు. కొత్త లైటు రాగానే ఫుల్లుగా పెట్టేస్తావు. కోరల్ ఒంట్లో ఉండే ఆల్గే (కంటికి కనబడనంత చిన్న నాచు) దానికి తిండి పెడుతుంది. వెలుతురు ఒక్కసారిగా ఎక్కువైతే కోరల్ ఆ ఆల్గేని బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. సగంతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచు. కోరల్స్‌ని ముందు అడుగున పెట్టు, తర్వాత పైకి జరపొచ్చు. ముందుగా ఒక మొండి రకాన్ని పంపి, వారం చూసి, మిగతావి మార్చు. హామర్‌ది చివరి వంతు.

జోవాంథిడ్స్ (గుండీల్లా గుంపుగా పెరిగే పగడాల బంధువులు) ఉన్న రాయి ముట్టుకునేటప్పుడు చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు ఉండాలి. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ రాయిని బ్రష్‌తో గీకొద్దు, వేడినీళ్ళలో వెయ్యొద్దు, ఉడకబెట్టే మాటే వద్దు, ఆవిరితో కూడా ఆ విషం లోపలికి పోతుంది. ఈ ఒక్కదాంట్లో నా మాట కాదనకు.

ఎనిమోన్‌ని (రాయికి కాలితో అతుక్కుని ఉండే మెత్తటి సముద్రజీవి) గోటితో పీకితే దాని కాలు చిరిగిపోతుంది, అది కూర్చున్న రాయితో సహా మార్చు. అది కుదురుకునేదాకా నీళ్ళని కదిలించే వేవ్ పంపులకి జాలీ కట్టు, ఊరంతా తిరిగి చివరికి పంపులోనే దూరుతుంది. చేపలు అన్నిటికన్నా ఆఖరు. రాళ్ళు తీసి, నీళ్ళు తగ్గించాకే వలకి దొరుకుతాయి. సాధువైనవి ముందు, నీ డామ్సెల్ చివర. అది ముందు వెళ్తే ట్యాంక్ మొత్తం తనదే అంటుంది. పైన నెట్ మూత మొదటి రాత్రి నుంచే ఉండాలి. ట్యాంక్ పెద్దదైంది కదా అని బ్లూ టాంగ్ మీద మనసు పడకు. అది 30 సెంటీమీటర్ల వరకూ పెరిగే చేప, అటూ ఇటూ పరిగెత్తేది.

పది శాతం నీళ్ళు మార్చడమంటే నీకిప్పుడు 12 లీటర్లు. ఇకమీదట 45. బకెట్లతో మొయ్యడం రెండు నెలలు సరదాగానే ఉంటుంది, తర్వాత నడుము పట్టేస్తుంది. పెద్ద డ్రమ్మూ, దానికో పంపూ, పైపూ ఇప్పుడే ఏర్పాటు చేసుకో. ఆవిరయ్యే నీళ్ళూ ఎక్కువే. వాటి బదులు ఉప్పులేని శుద్ధమైన నీళ్ళే పొయ్యాలి, ఆవిరైనన్ని నీళ్ళు తనే పోసే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకుంటే ఆ బాధ తీరిపోతుంది.

పాత ట్యాంక్ ఎవరికీ ఇచ్చెయ్యకు. ఇకమీదట కొనే ప్రతి చేపనీ నాలుగు వారాలు అందులో విడిగా ఉంచాలి. హామర్‌ని మార్చే రోజు ముందే చెప్పు, నేనొచ్చి బకెట్ పట్టుకుంటాను.

మీ పెద్దమ్మ