పిల్లలు తగ్గిన బడిలో చదువూ తగ్గినట్టేనా?

ప్రశ్న: మాది మెదక్ జిల్లాలో చిన్న ఊరు. మా ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కలిపి ఇరవై మందే మిగిలారు. కిందటేడు ఏడో తరగతి ఫలితాలు బాగాలేవని ఊళ్లో అంటున్నారు. ఐదు పూర్తయిన మా అమ్మాయిని ఇక్కడే ఉంచాలా, మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి వ్యానెక్కించాలా? – ఒక పాఠకుడు

జవాబు: ఏడుగురున్న తరగతిలో ఒక్కరు పరీక్ష తప్పితే ఉత్తీర్ణత 14 శాతం పడిపోతుంది, నలభై మంది ఉన్నచోట అదే ఒక్కరి వల్ల పడేది రెండున్నర శాతమే. కనుక ఒక్క ఏడాది శాతాన్ని చూసి బడిని తూచకండి. పైగా, మన గురుకులాలు ప్రవేశ పరీక్ష పెట్టి ఐదో తరగతిలోనే పిల్లలను చేర్చుకుంటాయి, ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఆ పరీక్ష గట్టెక్కేలా చదువు చెప్పింది ఊరి బడే అయినా, వెళ్లిపోయిన పిల్లల ప్రతిభ దాని ఫలితాల్లో కనబడదు. ఇది ఆ ఉపాధ్యాయులకు జరుగుతున్న అన్యాయమనే నా అభిప్రాయం.

అయితే స్ట్రెంత్ తగ్గడం వల్ల అసలు నష్టం లేదనలేము. పోస్టులను పిల్లల సంఖ్యను బట్టి లెక్కగడతారు కాబట్టి, పిల్లలు తగ్గిన బడి నుంచి ఉపాధ్యాయుడిని సర్దుబాటు పేరుతో మరో బడికి పంపుతారు. అప్పుడు చదువు నిజంగానే దెబ్బతిని, మిగిలిన తల్లిదండ్రులూ వ్యాను వైపు చూస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం మాత్రం ఈ మూడు తరగతులకు గణితం–సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం, భాషలకు కనీసం ఒక్కొక్కరు ఉండాలంటుంది. మీరు చూడవలసింది అదే. బడికి వెళ్లి టైంటేబుల్ అడగండి, లెక్కల పీరియడు ఎదుట ఎవరి పేరుందో, ఆయన రోజూ వస్తున్నారో తెలుసుకోండి. ఎనిమిదో తరగతి విద్యార్థి చేత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపజేయండి. పల్లె పిల్లల చదువు, లెక్కల స్థాయిని పరీక్షించే ఏసర్ సర్వే 2024లో జరిగినప్పుడు, ప్రభుత్వ, ప్రైవేటు బడులను కలిపి చూసినా, గ్రామీణ భారతంలో ఆ తరగతి పిల్లల్లో సగం మంది కూడా ఈ లెక్క చేయలేకపోయారు. వ్యాను ఎక్కినంత మాత్రాన భాగహారం వస్తుందన్న భరోసా లేదన్నమాట.

మరో సంగతి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (ఆదాయం తక్కువున్న ఇళ్లలోని ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనం) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రైవేటు బడి పిల్లలకు అర్హతే లేదు.

లెక్కల ఉపాధ్యాయుడు ఉంటే అమ్మాయిని ఊళ్లోనే చేర్చండి. లేకపోతే, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా ఆ పోస్టు కోసం మండల విద్యాధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి. బడులు తెరిచేనాటికీ ఎవరూ రాకపోతే, ప్రైవేటు కంటే ముందు దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను చూసి రండి. అక్కడ పదో తరగతి వరకు బడి మార్చే పని ఉండదు.