చెంబు బోర్లిస్తే మా నాన్నకు అది చెంబు కాదు

వస్తువుల్ని గుర్తుపట్టడంలో ఎడమ మెదడుకీ కుడి మెదడుకీ నిజంగా తేడా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మా పెరట్లో నేనే చూశాను.

మా నాన్న తెనాలిలో 30 ఏళ్లు స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు నడిపారు. బిందె చేత్తో ఎత్తి బరువు చెప్పేవారు. పక్షవాతం వచ్చి మెదడు కుడి పక్క, వెనక భాగం దెబ్బతింది. మాట పోలేదు, లెక్కలూ పోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు, అమ్మ తోమి బోర్లించిన గిన్నెల వంక చూసి, "ఏమే, ఆ గుండ్రటి బిళ్ల ఏంటి?" అన్నారు. అమ్మ వేళాకోళం అనుకుంది. తీసి నిలబెట్టింది. "ఓస్, చెంబు! మన కొట్లోదే, ముప్పావు కిలో" అన్నారు. అడుగు ఆయన వైపు తిప్పితే మళ్లీ బిళ్లే. అమ్మ మూడుసార్లు తిప్పి చూసింది. నాలుగోసారి చెంబు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరు గారికి ఇదంతా వినే తీరిక లేదు. రెండు నిమిషాలు, వెయ్యి రూపాయలు. తర్వాత నేనే చదువుకున్నాను. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్ అనే న్యూరోసైకాలజిస్టు (మెదడుకీ మనసు పనితీరుకీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే నిపుణురాలు) 1970ల్లోనే ఇలాంటివాళ్లకు ఫొటోలు చూపించి పరీక్షించారు. మామూలుగా తీసిన ఫొటో అయితే వస్తువు పేరు చెప్పేవాళ్లు. అదే వస్తువును వింత కోణంలో తీసి చూపిస్తే తడబడేవాళ్లు. కుడి పక్క వెనక భాగం దెబ్బతిన్నవాళ్లలోనే ఈ ఇబ్బంది ఎక్కువ. అచ్చం మా చెంబే.

ఫిజియోథెరపీ దగ్గర ఒక పెద్దావిడ వచ్చేవారు. ఆవిడకు దెబ్బ ఎడమ పక్క. దువ్వెన ఇస్తే "అది... అదీ..." అని ఆగిపోయి, ఎడమ చేత్తో చక్కగా తల దువ్వుకుని చూపించేవారు. వస్తువు తెలుసు, పేరే రాదు. నన్నడిగితే ఆకారాన్ని పట్టేది ఎక్కువగా కుడిది, పేరు తగిలించేది ఎక్కువగా ఎడమది. ఇంకేం చెప్పినా నమ్మను.

ముఖ్యంగా "కుడి మెదడు కళలకి, ఎడమ మెదడు లెక్కలకి" అనే వాట్సాప్ ఫార్వర్డులు అస్సలు నమ్మను. మా వీధిలో ఒకాయన పిల్లల కళ్లకు గంతలు కట్టి, అలాగే చదివిస్తానంటూ "మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్" అని వేలకు వేలు గుంజాడు. ముక్కు పక్క సందులోంచి చూసి చదువుతున్నారని మా మేనల్లుడే చెప్పాడు.

నాన్న ఇప్పుడు చాలావరకు నయం. అయినా అమ్మ గిన్నెలు బోర్లించడం మానేసింది. అడుగున నీళ్లు నిలుస్తున్నాయని సణుక్కుంటూ ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి నిలబెడుతుంది.