చెరలో ఉన్నన్నాళ్లూ కథానాయిక ఏం చేస్తోంది?

ఆపదలో చిక్కిన కథానాయికను నాయకుడు వచ్చి విడిపించే పద్ధతి ఈనాటి కథల్లో, ముఖ్యంగా అనిమేల్లో (జపాన్ యానిమేషన్ కథల్లో), ఇంకా చెల్లుతుందా అని అడిగారు. నా మట్టుకు నాయిక చెరలో పడటం అభ్యంతరకరం కాదు. పడిన తరువాత రచయిత ఆమెను మరచిపోతేనే కథ చెడుతుంది. ఈ సంగతి నాకు చేతులు కాలాక తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక సాహస నవల రాస్తూ, నాలుగో అధ్యాయం చివర నాయికను శత్రువుల కోటలో బంధించి, నాయకుడి ప్రయాణంలో పడిపోయాను. దారిలో పోరాటాలు, పాత మిత్రుడి ద్రోహం, అన్నీ హుషారుగా సాగాయి. రాతప్రతి చదివిన స్నేహితురాలు మార్జిన్‌లో పెన్సిలుతో ఒకే ప్రశ్న రాసింది: "ఐదు నుంచి తొమ్మిది దాకా ఈ అమ్మాయి ఏం చేస్తోంది?" వెతికి చూస్తే, ఆ ఐదు అధ్యాయాల్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉందన్న వాక్యం ఒక్కటే దొరికింది. (ఆ కిటికీకి ఊచలు ఉన్నాయో లేదో కూడా నేను ఆలోచించలేదు.)

ఆ తరువాతే 2012లో వచ్చిన, ఆన్‌లైన్ ఆట లోకంలో సాగే అనిమే 'స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్'ను మళ్లీ చూశాను. తొలి సగంలో నాయిక అసునా పేరుమోసిన ఖడ్గయోధురాలు, ఒక బలమైన దళానికి ఉపనాయకురాలు. రెండో సగంలో ఆమెను మహావృక్షం పైన పక్షిపంజరంలో పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే అక్కడ ఆమె ఊరికే కూర్చోలేదు: తలుపు తెరిచే సంకేతాన్ని అద్దంలో చూసి గుర్తు పెట్టుకుంది, పంజరం దాటింది, మళ్లీ పట్టుబడినా చేజిక్కించుకున్న కార్డును కిందికి జారవిడిచింది, నాయకుడు కిరిటో లోపలికి రాగలిగింది ఆ కార్డుతోనే. అయినా చాలామందికి గుర్తుండేది పంజరమే. ఆమె తెలివి మీద కంటే ఆమె అవమానం మీద కెమెరా ఎక్కువసేపు నిలిచింది, పైగా చివరి పోరులో ఆమె గొలుసులకు వేలాడుతూ చూస్తూ ఉండవలసి వచ్చింది.

సముద్రదొంగల కథ 'వన్ పీస్'లోని ఎనీస్ లాబీ ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చూడండి. నాయకుడు లూఫీ బృందంలోని రాబిన్‌ను ఎవరూ ఎత్తుకుపోరు. తోటివారి ప్రాణాల కోసం తానే ప్రభుత్వ మనుషులకు లొంగిపోతుంది. కాబట్టి లూఫీ అక్కడికి చేరుకున్నంత మాత్రాన పని జరగదు. బతకాలని ఉందని ఆమె తన నోటితో చెప్పాలి. ఆ మాట పలకడమే ఆ ఘట్టంలో అన్ని పోరాటాల కంటే కష్టమైన పని, అది చేసింది బందీయే.

నాయికానాయకుల స్థానాలు తారుమారు చేస్తే సరిపోతుందని కొందరంటారు. 'అటాక్ ఆన్ టైటాన్'లో పదేపదే చిక్కేది నాయకుడు ఎరెన్, కాపాడటానికి పరుగెత్తేది నాయిక మికాసా. బాగానే ఉంటుంది కానీ, బందీకి తనదంటూ ఒక పని ఉండాలన్న అవసరం అక్కడా అలాగే ఉంటుంది.

నా నవలకు వస్తే, ఆమెకు రెండు అధ్యాయాలు కొత్తగా రాశాను. కాపలావాళ్లు మారే వేళలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టింది. నాయకుడు కోటకు చేరేసరికి ఆమె గది ఖాళీగా ఉంది. ఆమె ఎటు వెళ్లిందో కనుక్కోవడానికి అతనికి ఒక అధ్యాయం పట్టింది, నాకు మూడు నెలలు పట్టింది.