టీచర్లకి మార్కులు చూసి జీతమిస్తే? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. నేను కర్నూలు జిల్లా కోసిగి దిక్కు ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). మొన్న చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో పెద్ద వాదన నడిచింది. బాగా చెప్పే టీచర్‌కి ఎక్కువ జీతం రావాలని కొందరు, అట్లా చేస్తే స్కూళ్ళు నాశనమైపోతాయని కొందరు. నాకు రెండు వైపులా న్యాయం ఉన్నట్టే అనిపిస్తాంది. మా ఊర్లో దీపావళి దాటినాక క్లాసులో సగంమంది పిల్లోళ్ళు అమ్మానాయిన ఎంబడి సుగ్గికని (వలస కూలిపనికని) గుంటూరు దిక్కు పోతారు, పత్తి, మిరప కోతలు అయినాక ఉగాదికో ఆ తర్వాతో వస్తారు. ఇట్లాంటి చోట నా మెరిట్ ఎట్లా కొలుస్తారు సార్?

జవాబు: అమ్మా, ఇది మనకేం కొత్త సంగతి కాదు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రయోగం చేసి చూశారు. 2005-06 నుంచి పల్లెల్లోని గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్ళలో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఇద్దరు ఎకనామిస్టులు చేశారు, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, వరల్డ్ బ్యాంక్ అందులో ఉన్నాయి. కోస్తా, తెలంగాణ, రాయలసీమ మూడూ వచ్చేలా ఐదు జిల్లాలు తీసుకున్నారు. వంద స్కూళ్ళలో ఏ టీచర్ బోనస్ ఆ టీచర్‌కి, ఇంకో వంద స్కూళ్ళలో స్కూల్ మొత్తానికి కలిపి బోనస్, ఇంకో వంద స్కూళ్ళకి ఏమీ ఇవ్వకుండా పోల్చడానికి పెట్టుకున్నారు.

బోనస్ లెక్క చాలా సింపుల్. పిల్లల సగటు మార్కులు ముందుకంటే 5 శాతం పాయింట్లు దాటి పెరిగితే, ఆపైన పెరిగిన ప్రతి పాయింట్‌కి 500 రూపాయలు. అంటే 15 పాయింట్లు పెరిగితే 5,000 వస్తుంది. సగటున చూస్తే టీచర్ సంవత్సరం జీతంలో 3 శాతం దాకా వచ్చిందంతే, ఉన్న జీతంలో మాత్రం ఒక్క రూపాయి ముట్టుకోలేదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

రెండేళ్ళకి బోనస్ లేని స్కూళ్ళకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ మెరుగైంది. మామూలు మాటల్లో చెప్పాలంటే వందమందిలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్లోడు లెక్కల్లో ఇంకో పదిమందిని దాటి పైకి పోయినట్టు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా పిల్లలు బాగుపడ్డారు, ఇది నాకు బాగా నచ్చిన సంగతి, ఎందుకంటే డబ్బులొచ్చే సబ్జెక్టే చెప్పి మిగతావి వదిలేస్తారని అందరూ భయపడేది. ఇంకో విషయం ఏందంటే టీచర్లు స్కూలుకి రావడం ఏం పెరగలేదు, డుమ్మాలు అట్లాగే ఉన్నాయి, కానీ వచ్చిన రోజు గట్టిగా పనిచేశారు, హోంవర్క్ ఎక్కువ ఇచ్చారు, బడి వదిలినాక కూర్చోబెట్టి చెప్పారు, ప్రాక్టీస్ టెస్టులు పెట్టారు. మొదటి సంవత్సరం రెండు రకాల బోనస్‌కీ తేడా లేదు గానీ పోను పోను ఎవరి బోనస్ వాళ్ళకిచ్చిన స్కూళ్ళే బాగా ముందుకుపోయాయి. టీచర్లని అడిగితే 80 శాతానికి పైగా ఈ ఐడియా బాగుందనే చెప్పారు. టీచర్లంటేనే దీనికి అడ్డం పడతారు అనేవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు మన దగ్గర పాఠం బాగా చెప్పినా చెప్పకపోయినా అదే పీఆర్సీ (వేతన సవరణ), అదే డీఏ (కరువు భత్యం), సర్వీసు ఆరేళ్ళు నిండినా పన్నెండేళ్ళు నిండినా అందరికీ ఒకటే స్కేలు. సాయంత్రం దాకా కూర్చుని చదువు రానోళ్ళకి అక్షరాలు దిద్దించే టీచర్‌కి, ఫోన్ చూసుకుంటా కూర్చునే టీచర్‌కి మన దగ్గర ఒక్క రూపాయి తేడా లేదు. సెప్టెంబర్ 5న ఒక శాలువా, అది కూడా అప్లికేషన్ పెట్టుకున్నోళ్ళకే. కష్టపడే టీచర్లు దీనికి లోపల ఎంత బాధపడతారో హెడ్మాస్టర్‌గా పనిచేసినోడిగా నాకు బాగా తెలుసు.

ఇంక మీ సుగ్గి సంగతి. ఆ ప్రయోగంలో ఒక రూల్ ఉంది, మొదట పరీక్ష రాసి చివరి పరీక్షకి రాని పిల్లోడికి పెరుగుదల సున్నా అని వేస్తారు. ఎందుకు పెట్టారంటే వెనకబడిన పిల్లోళ్ళని పరీక్ష రోజు ఇంటి దగ్గరే ఉండమని టీచర్ చెప్పకుండా. మంచి రూలే. కానీ కోసిగి, కౌతాళం, మంత్రాలయం మాదిరి మండలాల్లో అదే రూల్ పెడితే ఊరు ఖాళీ అయిన దానికి టీచర్ బోనస్‌లో కోత పడుతుంది. వానలు పడకపోతేనో, పనులు లేకపోతేనో వలస పోయే తల్లిదండ్రులని టీచర్ ఎట్లా ఆపుతుంది చెప్పండి? అందుకని వలస పిల్లల్ని వేరే లెక్కలో పెట్టాలి, వాళ్ళున్న నెలల్లో ఎంత నేర్చుకున్నారో చూడాలి, సీజనల్ హాస్టల్లో ఉంచి పిల్లోళ్ళని ఊర్లోనే నిలబెట్టిన టీచర్‌కి దానికి కూడా విలువ కట్టాలి.

నాకు అసలు భయం ఇంకోటి. మనోళ్ళు దీన్ని తెచ్చినా ఎంత పెరిగిందని చూడరు, ఎంత పర్సెంటేజ్ వచ్చిందని చూస్తారు. పదో తరగతి పాస్ శాతం చూసి జీతం అంటే కర్నూలు టౌన్లో ట్యూషన్లకి పోయే పిల్లలున్న స్కూల్ టీచర్‌కి బోనస్, మీ దిక్కు హైస్కూల్ టీచర్లకి సున్నా. అప్పుడు ఆలూరు, పత్తికొండ సైడు పనిచేయడానికి ఎవరొస్తారు? వీక్‌గా ఉన్న పిల్లోడు టీచర్ కంటికి బరువు మాదిరి కనిపిస్తాడు, టీసీ తీసుకుని పొమ్మంటారు.

ఈ భయం ఉట్టిది కాదు. 1862లో ఇంగ్లాండులో ఇన్‌స్పెక్టర్ వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి పాసైన పిల్లోడికి ఇంత అని గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా రిజల్ట్ గ్రాంట్లని నడిపారు, మన సీమ అప్పుడు అందులోదే. పిల్లలతో బట్టీ పట్టించడం తప్ప ఏమీ మిగల్లేదని ఇంగ్లాండోళ్ళే 1890ల్లో వదిలేశారు. కెన్యాలో స్కూల్ పరీక్ష మార్కులకి టీచర్లకి బహుమతులు పెడితే ఆ పరీక్షలో మార్కులు పెరిగాయి గానీ తర్వాత నిలవలేదు. అమెరికాలో అట్లాంటాలో అయితే టీచర్లే పిల్లల జవాబులు చెరిపి దిద్దారు, 2015లో 11 మందికి శిక్షపడింది. నాష్‌విల్‌లో లెక్కల టీచర్లకి 15,000 డాలర్ల దాకా ఇస్తామన్నా మొత్తం మీద పిల్లల మార్కుల్లో మార్పు రాలేదు. అంటే డబ్బు ఎంత పెద్దదనేది కాదు, ఏం కొలుస్తున్నారు, ఎవరు కొలుస్తున్నారు అనేదే.

2020 జాతీయ విద్యా విధానంలో కూడా మెరిట్‌ని బట్టి జీతం, ప్రమోషన్ ఉండాలని రాశారు కాబట్టి ఈ వాదన మీ మీటింగ్‌తో ఆగదు. నన్నడిగితే నేను సరే అంటాను, కానీ జీతం, ఇంక్రిమెంట్ ముట్టుకోకూడదు, బోనస్ పైనుంచి ఇవ్వాలి, పెరుగుదలకే ఇవ్వాలి, పరీక్ష పెట్టేది బయటోళ్ళు కావాలి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గానీ హెచ్చెమ్ (హెడ్మాస్టర్) గానీ టీచర్లకి మార్కులేసే పద్ధతి అయితే మీరందరూ గట్టిగా వద్దనండి, అది మెరిట్ కాదు ఇష్టాయిష్టాలు.

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. ఎండాకాలంలో ఇల్లిల్లూ తిరిగి ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే ఏప్రిల్, మే జీతం అంటారు. దీన్నే పర్ఫార్మెన్స్ పే అంటున్నారు. ఇది కరెక్టేనా అన్నా?

జవాబు: కాదు తమ్ముడూ. నువ్వు క్లాసులో ఏం చెప్పావు, పిల్లోళ్ళకి ఏం వచ్చింది అనేదానికీ ఈ డబ్బుకీ ఏం సంబంధం లేదు, అది మార్కెటింగ్ పని, ఆ పని చేయించుకుంటే దానికి విడిగా డబ్బులియ్యాలి. కడప ఎండల్లో మనుషుల్ని తిప్పి, చేసిన నెల జీతం ఆపడం అన్యాయం. జాయినయ్యే ముందే జీతం ఎంత, ఎన్ని నెలలకి అని కాగితం మీద రాయించుకో, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ చేతికి ఇయ్యొద్దు, జెరాక్స్ ఇచ్చి ఒరిజినల్ చూపించి తెచ్చుకో. ఒక్కడివే అడిగితే తీసేస్తారు, పదిమంది కలిసి అడగండి.

ప్రశ్న: అనంతపురం నుంచి ఒక తల్లిని. మార్కులు చూడొద్దంటే టీచర్ బాగా చెప్తున్నాడో లేదో మాకెట్లా తెలుస్తుంది?

జవాబు: మార్కులు చూడొద్దని కాదమ్మా, వాటినొక్కటే చూడొద్దు. జూన్‌లో మీ పిల్లోడితో తెలుగు పుస్తకంలో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ గట్టిగా చదివించండి, రెండు భాగహారాలు చేయించి ఆ కాగితం దాచిపెట్టండి. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ అదే చేయించండి. నోట్సులో టీచర్ రెడ్ పెన్‌తో ఉట్టి టిక్కులు పెట్టాడా, తప్పు యాడుందో చూపించాడా అనేది తిరగేయండి. తేడా కనపడకపోతే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ కాగితాలు పట్టుకుపోయి అడగండి, తేడా కనపడితే ఆ మాట కూడా టీచర్ ముందే హెచ్చెమ్‌కి చెప్పండి.